కుడి పెడలు

సైకిల్ చాచా పోయాడని అమ్మ ఫోన్ చేసింది. "పొద్దుగాల నమాజుకు లేవలేదంట. చాచీ పోయి లేపితే..." అని ఆగిపోయింది. కొత్తగూడెంలో, ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని విన్నాను. ఆయనతో మాట్లాడి ఐదేళ్లయింది. ఏడుపు రాలేదు. ఊళ్లో మా ఇంట్లో కరెంటు మీటరు డబ్బా మీద, పాత పేపర్లో చుట్టిన ఒక సైకిలు పెడలుంది. మొదట అదే గుర్తొచ్చింది. లీవు చెప్పి బస్సెక్కాను.

ఖమ్మంలో మా గల్లీ మొదట్లో ఆయన షాపు. పంక్చర్లు, రిపేర్లు, గంట కిరాయికి సైకిళ్లు. దానికంటే ముఖ్యంగా, వయసొచ్చాక సైకిలు నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లకు ఊళ్లో ఆయనొక్కడే దిక్కు. అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు, మనవరాలున్న ఒక పూలమ్మే ఆవిడ కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నారు. చిన్నపిల్లలకు నేర్పేవాడు కాదు.

"పోరగాళ్లు పడితే లేస్తరు. పెద్దోళ్లు పడితే ముందుగాల చుట్టూ చూస్తరు, ఎవరన్న చూసిన్రా అని. గా చూపు పోవాలంటే ఉస్తాద్ కావాలె" అనేవాడు.

తెల్లవారి నమాజు చదువుకుని, వాకింగ్ వాళ్లు రాకముందే మమ్మల్ని గ్రౌండుకు తీసుకుపోయేవాడు. నేర్పే సైకిలుకు కుడి పెడలు ఉండేది కాదు. ఉంటే ఆశ పుడుతుందని, తొందరపడి ఎక్కేస్తారని విప్పి తన లాల్చీ జేబులో వేసుకునేవాడు. ఎడమ కాలు పెడలు మీద, కుడి కాలు నేల మీద. నేలను తన్నుకుంటూ పోవాలి. అట్లా వారమో, నెలో. మన ఒళ్లు సైకిలు మాట వింటోందని ఆయనకు నమ్మకం కుదిరిన రోజు, జేబులోంచి పెడలు తీసి తనే బిగించేవాడు. ఆ తర్వాత ఇక ఎవరూ పరీక్ష పెట్టేవాళ్లు కాదు. మా గల్లీలో పెళ్లి వంటల దగ్గర కూడా "ఏందే, కుడి పెడలు ఇచ్చిండా?" అంటే, పని నీ చేతికి వచ్చినట్టేనా అని అర్థం.

నాకు డిగ్రీ అయిపోయి, ఇంట్లో గోడలు లెక్కపెడుతున్న రోజులవి. చండ్రుగొండ అవతలి అడవి పల్లెల్లో తిరిగి, తల్లీపిల్లల ఆరోగ్యం చూసే పనికి ఒక స్వచ్ఛంద సంస్థ ఆడపిల్లల్ని తీసుకుంటోంది. బస్సులు పోని దారులు కాబట్టి సైకిలు రావాలి. ఆ పని నాకు ఎంత కావాలంటే, రాత్రి మంచం మీద పడుకుని కూడా కాళ్లు ఆడించేదాన్ని. నాతోపాటు అదే పని కోసం మిషను కుట్టుకునే ఒక అక్క నేర్చుకునేది. ముప్పై దాటిన మనిషి, ఒంటరిది. ఇద్దరిలో ఒక్కరికే చోటుంది.

ఇరవై రోజులకు నేను గ్రౌండు ఈ చివర నేలను తంతే ఆ చివరిదాకా రెండు కాళ్లూ ఎత్తి జారేదాన్ని. అక్క ఇంకా ముళ్లకంపలో పడుతూనే ఉంది.

"చాచా, ఇయ్యరాదు ఇగ."

"జల్దీ ఏముంది బేటీ? ఇంకొక్క రోజు."

రోజూ ఇంకొక్క రోజే. ఆయన నడుస్తుంటే జేబులో పెడలు తొడకు కొట్టుకునేది. నేను దాన్నే చూసేదాన్ని. "చక్రం దిక్కు చూడకు, జేబు దిక్కు చూడకు, పోయే జాగ చూడు" అని నవ్వేవాడు. ఆ నవ్వును నమ్మాను.

సంస్థ సారు వచ్చినప్పుడు మమ్మల్ని తొక్కమని అడగనే లేదు. షాపు దగ్గర టీ తాగి, చాచాను అడిగి వెళ్లిపోయాడు. మర్నాడు అక్కకు పిలుపొచ్చింది. నేను ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే, "నీకు ఇంకా రాదని మీ చాచానే చెప్పిండమ్మా" అన్నాడు సారు.

షాపుకు పరుగెత్తాను. ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"నాకు రాదని చెప్పినవా?"

తలెత్తలేదు. "అవ్. చెప్పిన."

"నాకు రాదా చాచా? నా మొఖం చూసి చెప్పు."

నీళ్లలోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి.

మూడోరోజు మా గేటు దగ్గరికి వచ్చాడు, పేపర్లో చుట్టిన పెడలు పట్టుకుని. "ఇగో బేటీ, నీది."

"ఇప్పుడు దాంతోని ఎటు పోవాలె?" అని తలుపేశాను. ఆయన దాన్ని గేటు దిమ్మె మీద పెట్టి వెళ్లాడు. అమ్మ తెచ్చి మీటరు డబ్బా మీద పెట్టింది. నేను మళ్లీ సైకిలు ముట్టలేదు. ఆ గల్లీ మొదటికి పోకుండా, వెనక సందులోంచి బస్టాండుకు పోవడం అలవాటు చేసుకున్నాను.

ఈసారి ఇంటికి చేరగానే పెడలు దించి బ్యాగులో వేసుకున్నాను. చాచీకి ఇచ్చేసి రావాలనుకున్నాను. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆయన మీద కోపం పెట్టుకుని పోకే. నేనే పోయి ఏడ్చిన. అడవి దారి, ఆడపిల్ల, లోపలోళ్లు, గా నక్సలైట్లు, ఆపుతరు, పోలీసులు ఆపుతరు, పంపకు అన్నా అని కాళ్లు మొక్కిన. నా పేరు చెప్పనని మాటిచ్చిండు."

ఐదేళ్లు. ఒకే కంచంలో నాకు అన్నం కలిపి పెడుతూ, నేను ఆయన్ని తిడుతుంటే పక్కన కూర్చుని విన్నది. చెప్పులేసుకుని బయటికి నడిచాను.

చాచా ఇంటి ముందు గల్లీ నిండా ఆడవాళ్లు. చాలామంది సైకిళ్ల మీదే వచ్చారు. మిషను అక్క కూడా వచ్చింది, బస్సులో. గడ్డం కింద కుట్లు పడిన మచ్చ ఉంది. ఎండకు నల్లబడింది, గొంతు పెరిగింది. ఇప్పుడు కోయ మాటలు కూడా వచ్చట.

"నాకప్పుడు తొక్కుడు వచ్చునా చెల్లె? నీకు ఎరుకే గదా. మొదటి నెలల వాగు దాటంగ పడి దవడ పలగ్గొట్టుకున్న."

"మరి నీకెందుకు ఇచ్చిండు?"

అక్క నవ్వింది. "నీకోసం ఏడ్వనీకి మీ అమ్మ షాపుకు పోయింది, ఆడ నేనుండి విన్న. నాకోసం పోయేటోళ్లు ఎవరున్నరు?"

ఆ మాటకు ఎటు చూడాలో తెలియలేదు. తొక్కడం వచ్చినదాన్ని ఆపాడు, రానిదాన్ని పంపాడు. ఆయన నేర్పినంత ఓపికగా నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. పడితే చుట్టూ చూడకుండా లేవడం ఆయన దగ్గరే వచ్చింది. కొత్తగూడెంలో ఒంటరిగా గది తీసుకుని బతకగలుగుతున్నది దానితోనే. ఇది నేను ఆయన బతికుండగానే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా, ఆ ఐదేళ్లూ, ఆ అడవి దారీ నాకు తిరిగి రావు. ఆయన నాకు 'ఇంకొక్క రోజు' అని ఇచ్చిన మాటకంటే మా అమ్మకిచ్చిన మాట పెద్దదైంది. అది ఇంకా మింగుడు పడలేదు.

లోపలినుంచి "జరగండమ్మా, జనాజా వస్తోంది" అన్నారు. దారికి అడ్డంగా స్టాండు వేసి ఉన్న సైకిలుకు నేనే దగ్గరున్నాను. మేం నేర్చుకున్న సైకిలే అది. స్టాండు తీసి గోడవైపు వెనక్కి నెట్టాను. నెడుతుంటే పెడళ్ల కొమ్ములు ఉల్టా తిరిగాయి. ఎడమది కిందికి దిగింది. కుడివైపు ఖాళీ ఇనుప కొమ్ము మెల్లగా పైకి లేచింది. నా బ్యాగులో పెడలు తొడకు కొట్టుకుంటోంది. ఆయన్ని నలుగురూ భుజాల మీద మోసుకుపోయేదాకా, సైకిలు కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.