మూడక్షరాలత్త

“వీడికి అసలు మాటలొస్తాయంటావా, అత్తా?”

గుమ్మంలో చెప్పులు విడవకముందే మేనల్లుడు అడిగేశాడు. చంకలో రెండున్నరేళ్ల కొడుకు. వాడి చెవులు బాగానే ఉన్నాయని, కొన్నాళ్లు చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసేవాడికి ‘చూద్దాం’ అనే ఫలితం మింగుడుపడలేదు.

అత్త తల ఎత్తలేదు. ఆదివారం పేపర్లో వచ్చే ఇంగ్లీషు పజిల్ ఆవిడదే. మూడక్షరాలు ఇస్తుంది. ఆ మూడూ ఉన్న మాట, ఎంత పొడవైతే అంత మంచిది, పాఠకులు పట్టుకోవాలి. ఒకప్పుడు టైపు నేర్పేది. ఇప్పుడు తానుండే మేడలో అందరికీ మూడక్షరాలత్త. అచ్చుకు పంపేముందు పజిల్‌ని దొరికినవాళ్ల మీద ప్రయోగిస్తుంది కాబట్టి, మెట్ల మీద ఎదురైతే పనుందని తప్పుకుంటారు.

సాయం చేద్దామని మేనల్లుడు ఒకసారి కంప్యూటర్లో డిక్షనరీ అంతా జల్లెడపట్టి, బారెడేసి మాటలు తెచ్చిచ్చాడు. వీటిని మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా అని అడిగి, తిప్పి పంపింది. దొరికాక ‘ఇది నాకు తెలిసిందే కదా’ అని నెత్తి కొట్టుకోవాలట.

ఆ సాయంత్రం కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినాయన చిక్కాడు. ఎం, బి, ఆర్ అంది. ఆయన రెంచీ పట్టుకుని ఆలోచించి, నంబర్ అన్నాడు. ఇంకాస్త పొడుగు కావాలంది అత్త. అంతే, ఇక కదలదు, పలకదు. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి. మేనల్లుడికి ఒంటిమీద చీమలు పాకుతున్నట్టుంది. పిల్లాణ్ణి ఈ చంకనుంచి ఆ చంకకి మార్చాడు, ఫోను చూసుకున్నాడు, ఆగలేక “అంబ్రెల్లా” అనేశాడు.

ఆయన నవ్వేసి మళ్లీ సింకు కిందికి దూరాడు.

“నోటిదాకా వచ్చిందిరా ఆయనకి,” అంది అత్త గొంతు తగ్గించి. “ప్లంబర్ అనబోతున్నాడు. లాగేసుకున్నావు.”

“సరదాకేగా, అత్తా.”

“ఇంట్లోనూ ఇదేనా వరస?”

ఇంట్లో అతను పిల్లాడికి కప్పు చూపించి ఇదేంటి నాన్నా అంటాడు. వాడు నోరు తెరిచేలోపే కప్పు, కప్పు అను అంటాడు. పొద్దస్తమానం ఇదే. ఊరుకుంటే భయం మీదికొస్తుంది మరి. ఈమధ్య వాడు కప్పుకేసి చూడటం మానేసి నాన్న నోటికేసి చూస్తున్నాడు.

అత్త పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుని, బల్లమీద తాళంచెవి పెట్టి, ఇదేంట్రా బుజ్జీ అంది. ఊరుకుంది. మేనల్లుడు వరండాలోకి వెళ్లాడు, వచ్చాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిల్లాడు తాళంచెవిని తిరగేసి చూశాడు, తలుపుకేసి చూశాడు.

“తా” అన్నాడు.

ఇంకేమీ అనలేదు. అది మాటో కాదో ఎవరూ తేల్చలేరు. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే, భయమూ పోలేదు. కాని ఇప్పుడు ఇంట్లో ఏదడిగినా అతను పెదవి పంటికింద బిగబట్టి, ఆరోజు మెట్లు దిగుతుంటే అత్త పైనుంచి చెప్పినట్టే చేస్తున్నాడు.

“అడగడం వరకే నీ వంతు. అడిగాక, నువ్వూ వెతుక్కుంటున్నవాడిలా వాడి పక్కన కూర్చో.”