బావిలో నీలం గీతలు

మా చిన్నప్పుడు... గుడ్ ఫ్రైడే నాడు చర్చి నుంచి రాగానే నాయన తెల్ల పంచె విప్పేసి, పాత లుంగీ చుట్టుకుని, నీలం పెయింటు డబ్బాతో మా మెట్ట చేలోని బావిలోకి దిగేవాడు. నీళ్ళు ఎక్కడుంటే అక్కడ, రాతి గోడ మీద ఓ గీత, పక్కన ఆ సంవత్సరం. ఏటా ఒకటి...

పక్క చేలో గొర్రెలు మేపే ఆయన గట్టు మీంచి వంగి, "ఏందిరా, బావికి బొట్టు పెడతా ఉండావా?" అని ఎగతాళి చేసేవాడు.

నేనేమో బడిలో నేర్చిన తెలివంతా ఒలకబోశాను. "గుడ్ ఫ్రైడే ఏటా ఒకే తేదీన రాదు గదా నాయనా... నీ లెక్క తప్పు!"

"తప్పేలేమ్మా. ఒక్క గీతను చూస్తే ఏం తెలస్తాది? అన్నీ కలిపి చూడు... యాడికి పోతా ఉండాయో."

చూశాను. తుఫాను వచ్చిన ఏడు గీత పైకి, కరువు ఏడు కిందికి. మొత్తానికి మాత్రం దిగుతున్నాయి. అప్పుడు నాకదో ఆట... భయమే వేయలేదు.

నాయన పోయాక తమ్ముడు గీసేవాడు. గీతలు దిగి దిగి అడుగు బండకు తగిలాయి. ఇక మానేశాడు.

మొన్న నేనుండే ఆత్మకూరు నుంచి వాడి దగ్గరికి వెళ్ళాను. ఉన్న చేనంతా నిమ్మతోట పెడతానని నర్సరీలో మొక్కలకు చెప్పి వచ్చాడట. "పోయినేడు తుఫానుకు బావి సగం నిండినాదిగా అక్కా. కాలం తిరిగినాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి లాక్కెళ్ళాను. ఎండాకాలం ఇంకా మొదలవనే లేదు... అడుగున బండ బయటపడి ఉంది.

"ఒక్క వానను నమ్ముకుని తోట పెడతావా? గీతలన్నీ చూడరా!"

"అదంతా బోర్లు తాగేసిన నీళ్ళక్కా."

"బోర్లూ తాగినాయి, కాదన్లేదు. మన పక్క తొలి బోరు పడకముందు గీతలు చూడు... అప్పటికే దిగతా ఉండాయి."

చాలాసేపు చూశాడు. "కనపడతానే ఉండాదక్కా" అన్నాడు మెల్లగా. "చూసి ఏం చేసేది? ఈ నేలనొదిలి యాడికి పోయేది?"

మర్నాడు మొక్కలు వచ్చాయి. సగం వెనక్కి పంపించాను... మిగతా సగం ఇద్దరం కలిసే నాటాము. మట్టి వేడిగా ఉంది.

ఒకప్పుడు మబ్బు కనిపిస్తే ఎగిరి గంతేసేవాళ్ళం... ఇప్పుడు అది అసలు కురుస్తుందా, కురిస్తే ఊరినే ముంచుతుందా అని భయపడుతున్నాం. మీ ఇళ్ళల్లో కూడా వాననో, నీళ్ళనో ఇలా గుర్తు పెట్టినవాళ్ళు ఉన్నారా? రాయండి... ఎక్కడైనా ఒక్క బావి పైకొస్తోందంటే, ముందు ఆ మాట చెప్పండి. మా తమ్ముడికి చదివి వినిపిస్తాను.