మాడు మీద పెచ్చు

నాకు ఓపిక తక్కువ. పొయ్యి మీద పాలు పెట్టి అవి పొంగేదాకా ఒకచోట నిలబడలేను. అలాంటిదాన్ని పట్టుకుని మా అమ్మ, "అదే పోతుందే, ఊరుకో" అంటే ఎలా ఊరుకుంటాను?

పోవాల్సింది మా అబ్బాయి తల మీది పెచ్చు. తొంభైల్లో, భీమవరంలో మా పుట్టింట్లో పురుడు పోసుకున్నాను. వాడికి రెండు నెలలు నిండేసరికి మాడు మీద పసుప్పచ్చగా, జిడ్డుగా పెచ్చు కట్టింది. వాడికి నొప్పీ లేదు, దురదా లేదు. హాయిగా పాలు తాగి పడుకునేవాడు. నిద్ర లేనిది నాకే. ఐదో నెలలో బిడ్డనెత్తుకుని తుని దగ్గర అత్తవారింటికి వెళ్లాలి. ఆ రోజు ఊళ్లో ఆడవాళ్లంతా వస్తారు. ఆ తల చూసి, "పుట్టింట్లో సరిగ్గా నీళ్లు పోసినట్టు లేదు" అని ఒక్కరన్నా ఆ మాట మా అమ్మకే తగులుతుంది. మా అత్తగారు తూచి మాట్లాడే మనిషి. ఆవిడ ఏమీ అనకపోతే నాకు ఇంకా భయం.

గుండు చేయించేద్దామంటే పుట్టువెంట్రుకలు అన్నవరంలో ఇస్తామని అత్తవారి మొక్కు. అంతవరకు కత్తి తగలకూడదు.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఓ వైద్యం చెప్పేవారు. మాడు నిండాలని పూసే ఆముదాన్నే ఇంకా దట్టంగా పట్టించమని ఒకరు, శనగపిండితో గట్టిగా రుద్దమని ఇంకొకరు. నేను ఆముదం పట్టించి, ఎవరికీ కనబడకుండా పైన ఊలు టోపీ తొడిగాను. అసలే ఎండాకాలం. తల చెమటకు నాని పెచ్చు మరింత మందమైంది.

"బెల్లం పాకంలా పోస్తున్నావేంటే ఆముదం?" అని అమ్మ టోపీ లాగి అవతల పారేసింది.

ఆ తర్వాత అంతా అమ్మ పద్ధతే. స్నానానికి ముందు అరచేతుల్లో కాస్త కొబ్బరినూనె రుద్దుకుని, వేళ్ల కొసలతో వాడి తలకు మెల్లగా రాసేది. కాసేపాగి, నాన్న పాత పంచె ముక్కను గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడిచేది. తరవాత కాళ్ల మీద పడుకోబెట్టుకుని పిల్లల సబ్బుతో నూనె మిగలకుండా కడిగేసేది. వచ్చినంతే వచ్చింది, రానిదాని జోలికి పోయేది కాదు. రోజుకు చిటికెడు కూడా రాలేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. పాలిస్తుంటే నా వేలు దానంతటదే వాడి మాడు మీదికి పోయేది. ఎక్కడో ఒక అంచు లేచి ఉండేది. గోరు పెట్టి లాగితే మొత్తం ఊడొచ్చేస్తుందనిపించేది. మా ఆయనకు పాపిటి పక్కన జుట్టు మొలవని మచ్చ ఒకటుంది, చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డారట. అది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. మళ్లీ పెట్టేదాన్ని.

అమ్మ కనిపెట్టేసింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, బడికెళ్లే పిల్లకు తీసినట్టు పది వేళ్లకీ గోళ్లు మొదలంటా తీసేసింది. బిడ్డతల్లిని, నాకు ఇదేం మర్యాద! ఆ పూటంతా అమ్మతో మాట్లాడలేదు.

బయల్దేరేనాటికి చాలావరకు పోయింది. నడినెత్తిన మాత్రం రూపాయి బిళ్లంత మిగిలింది. రైల్లో దారి పొడుగునా వాడికి టోపీ పెట్టడం, తీయడం. గుమ్మంలో దిష్టి తీయగానే అత్తగారు బిడ్డనందుకుని, నన్ను గదిలోకి పిలిచి, ముందు టోపీ తీశారు.

"గోరుతో గీకలేదు కదా అమ్మాయ్?"

"లేదండి. అమ్మ నా గోళ్లు తీసేసింది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వేళ్లు చూశారు. చాలాసేపు వదల్లేదు.

"మీ ఆయన మెట్ల మీంచి పళ్లేదమ్మా. మా అత్తగారు చూడ్డానికొస్తున్నారంటే హడలిపోయి నేనే గీకేశాను. పుండు పడి ఆ మచ్చ మిగిలిపోయింది. మా అమ్మ అప్పటికే పోయింది, నా గోళ్లు తీసేవాళ్లెవరూ లేరు."

నాకు ఏడుపు ఆగలేదు. బయట ఆడవాళ్ల మాటలు వినపడుతుంటే గబగబా టోపీ అందుకున్నాను. ఆవిడ పెట్టనివ్వలేదు. వాణ్ణి ఆ తలతోనే భుజానేసుకుని వాళ్ల మధ్యకు నడిచారు.