రెండు వైపులా ఆడినవాడు

ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్లో నేను నర్సుగా చేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆ కౌంటీ మొత్తానికి పేరున్న గేలిక్ ఫుట్‌బాల్ అనే అక్కడి ఆటలో ఆటగాడు. టీ తీసుకెళ్తే చాలు, కప్పునీ చెంచానీ బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ పాత ఆటలన్నీ చూపించేవాడు.

"ఇప్పుడు కాచేవాడు వేరు, కొట్టేవాడు వేరు. మా రోజుల్లో మన గోల్ కాచినవాడే పరిగెత్తుకెళ్లి అవతల గోల్ కొట్టాలమ్మా" అనేవాడు.

"అలసిపోయేవారు కాదా?"

"ఆట గంటసేపేగా! గ్రాండ్‌గా ఉండేది."

కోవిడ్ మొదలయ్యాక బయటివాళ్లని లోపలికి రానివ్వడం మానేశాం. ఆయన భార్య రోజూ మధ్యాహ్నం కిటికీ అవతల నిలబడి, ఫోన్‌లో మాట్లాడి వెళ్లేది. ఏప్రిల్‌లో ఆయనకీ సోకింది. నాలుగో రోజుకి ఊపిరి అందడం కష్టమైంది. ఫోన్ నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"వాన పడుతోంది, లోపలికి రా" అన్నాడు ఆవిడతో.

రానివ్వరని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. తడిసిన చేత్తో అద్దాన్ని తాకి, "వస్తున్నా" అంది.

ఆయన తల తిప్పి, గది గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు. అలా చూస్తుండగానే ఊపిరి ఆగింది. బయటి తలుపు తాళంచెవి అప్పుడు నా జేబులోనే ఉంది.