ఎడమచేతి రెండు వేళ్లు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి ఆత్మకూరు హైస్కూలుకు పొద్దున పూట బస్సు ఉండేది కాదు. మా నాయన తన పాత మోటార్ సైకిల్ మీద నన్ను బడి దగ్గర దింపి, తిరిగొచ్చి పొలానికి పోయేవాడు. మా ఊళ్లో హైస్కూలు గడప తొక్కిన ఆడపిల్లను అప్పటికి నేనొక్కదాన్నే. ఆ బండి నడిచినన్నాళ్లే నా చదువని ఇంట్లో అందరికీ తెలుసు.

ఏడో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాక బండి మొరాయించింది. ఊరు దాటాక వచ్చే ఎత్తు మీద ఇంజన్ గొంతు చించుకునేది, చక్రం మాత్రం తనకేం పట్టనట్టు మెల్లగా తిరిగేది. నేను దిగి నడిచేదాన్ని. ఇంజన్ పోయింది, పాత ఇనుము కింద అమ్ముకొమ్మని ఊళ్లో తలా ఒక మాట చెప్పారు. బండి తోలడం రానివాళ్లే ఎక్కువ చెప్పారు. పోయినేడే క్లచ్ మార్పించిన నాయన విసిగిపోయి సరేనన్నాడు. అట్లయితే ఇక బడి చాలులే అంది నానమ్మ. నాకు కోపమొస్తే అన్నం మీదే చూపించేదాన్ని. రెండు పూటలు కంచం ముట్టకపోయేసరికి నాయన కరిగి, అమ్మే ముందు వనపర్తిలో ఒకసారి చూపిద్దామన్నాడు.

వనపర్తిలో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. ఆయన్ని అందరూ చాచా అనేవారు. బండి స్టార్ట్ చేసి, పై గేరు వేసి, బ్రేకు గట్టిగా పట్టుకొని క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోవాలట. మాది ఆగలేదు, అరుస్తూనే ఉంది.

"ఇంజన్‌కేం గాలె తమ్మీ. అరిగింది క్లచ్," అన్నాడు.

నూనె దించి, మూత విప్పి, ప్లేట్లు బయటికి తీస్తే మాడిన వాసన గుప్పుమంది. కొత్తవి వెంటనే బిగిస్తాడనుకున్నాను. ఆయన వాటిని నూనె గిన్నెలో నానేసి, చాయ్ తాగి, నమాజుకు కూడా వెళ్లొచ్చాడు. నూనె తాగకుండా ఎక్కిస్తే మొదటి రోజే మాడిపోతాయట. ఇంటికి పోయి నానమ్మకు ఆ బండి చప్పుడు వినిపించాలని నాకు ఒకటే తొందర.

బిగించి, క్లచ్ తీగకు కాస్త వదులు కూడా ఇచ్చాక, చాచా మమ్మల్ని పోనివ్వలేదు. ఏడాదికే ప్లేట్లు ఎట్లా అరిగాయన్నది ఆయనకు మింగుడు పడలేదు. నన్ను వెనక ఎక్కించుకొని ఒక చుట్టు తిరిగి రమ్మని నాయనకు చెప్పి, నన్ను పక్కకు పిలిచాడు.

"రోడ్డు సూడకు బిడ్డా. మీ నాయిన ఎడమ చెయ్యి సూడు."

చూశాను. గేరు మార్చేటప్పుడే కాదు, ఖాళీ రోడ్డు మీద కూడా నాయన రెండు వేళ్లు క్లచ్‌ను కొంచెం నొక్కి పట్టుకునే ఉన్నాయి. తిరిగొచ్చాక ఆ మాట చెప్పాలంటే నాయన మీద చాడీ చెబుతున్నట్టు అనిపించింది. కానీ బడి పోతుందన్న భయం అంతకన్నా పెద్దది. చెప్పేశాను.

నాయన తలొంచుకున్నాడు. అంతకు ముందటేడు మా ఊరి వాగు దగ్గర ఇసుకలో బండి జారి, నా మోచేతి చర్మం లేచిపోయింది. ఆ సంగతి నేనెప్పుడో మరిచిపోయాను.

"అప్పటి సంది పిల్ల ఎన్క కూసుంటె క్లచ్ మీదికెల్లి చెయ్యి తీయబుద్ధి గాదు," అన్నాడు.

చాచా నవ్వలేదు. "చెయ్యి దగ్గర వెట్టుకో తమ్మీ, పట్టుకొని కూసోకు. సగం నొక్కి పెడితె ప్లేట్లు రాసుకుంటనే ఉంటయి. నీ భయానికి బండి అరుగుతున్నది."

తిరిగి వస్తుంటే వాగు దగ్గర నాయన వేళ్లు మళ్లీ క్లచ్ వైపు లేచాయి. కాసేపు గాలిలోనే ఆగి, ఒక్కొక్కటే వెనక్కి వెళ్లి పిడి మీద పడుకున్నాయి. బండి ఎత్తు దిగి ఊళ్లోకి వచ్చింది, మరునాడు అదే ఎత్తును నన్ను దించకుండానే మోసుకొని ఎక్కింది. పదో తరగతి దాకా నేను ఆ బండి మీదే పోయాను. ఆ రోజు వాగు దగ్గర కలిగినంత ప్రేమ నాయన మీద నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదేమో.

ఇప్పుడు మా మనవరాలు స్కూటీ మీద గద్వాల కాలేజీకి పోతుంది. బయల్దేరగానే ఒకసారి, దారిలో ఒకసారి ఫోన్ చేసి దాని ప్రాణం తోడేది నేనే. పొద్దున అది గేటు దాటుతుంటే నా ఎడమచేతి రెండు వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. అప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి, వాటిని ఒక్కొక్కటే విప్పుకుంటాను.