సీటు బెల్టు చివర మట్టి గీత

ఎనిమిదేళ్ళుగా నేను 'పర్లేదు' అనే మాట పలకడం లేదు. కూర ఎలా ఉందంటే బాగుందంటాను, లేదంటే ఉప్పు తక్కువైందంటాను. మోకాళ్ళెలా ఉన్నాయంటే నొప్పిగా ఉన్నాయంటాను. మా ఆవిడ ఇది గమనించిందో లేదో తెలియదు. ఆ ఒక్క మాటతో నేనొక మనిషికి అన్యాయం చేశాను. ఆ బరువు దించుకునే చోటు దొరక్క ఇన్నాళ్ళూ మోస్తున్నాను. మీకు నేనెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కాస్త వినండి చాలు.

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక కాలేజీలో వర్క్‌షాప్ మాస్టారుగా పాతికేళ్ళు చేశాను. పాత బండి కొనేవాళ్ళు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. మీటరు నలభై వేలు చూపిస్తుంటే, అరిగిపోయిన బ్రేకు పెడలు రబ్బరు చూసి లక్షన్నర తిరిగిందని చెప్పేసేవాణ్ణి. మాస్టారు చూశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు అనేవాళ్ళు ఊళ్ళో. ఆ మాట వింటే నాకు కడుపు నిండినట్టుండేది. దాచడం దేనికి?

మా ఎదురింట్లో పద్మ, ప్రసాద్ ఉంటారు. పేర్లు మార్చాను. పద్మకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. పరీక్ష రాసి విజయవాడలో ఒక ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. ఆమె భర్త ప్రసాద్ పనిచేసే కొట్టూ అక్కడే. అక్కడికే మారిపోదామంటే అద్దెకి దొరికే ఇళ్ళన్నిటికీ మెట్లే. పేటలో మెట్లు లేకుండా, గుమ్మాలు వెడల్పుగా పెట్టి కట్టుకున్న సొంతిల్లుంది. అంచేత రోజూ హైవే మీద రానూపోనూ నూటయాభై కిలోమీటర్లు. బస్సు ఎక్కడం ఆమె వల్ల కాదు. అద్దె కారు రోజూ దొరకదు.

ఎస్టేట్ కారు చూడమని చెప్పింది నేనే. మామూలు కారుకి డిక్కీ ఉండే చోట దీనికి చిన్న గదిలా ఉంటుంది, పైకప్పు కూడా చివరిదాకా సాగి ఉంటుంది. కుర్చీని విప్పి మడవకుండా అలాగే పెట్టేయొచ్చు. ఇంతదూరం తిరగాలి కాబట్టి డీజిలుది కావాలన్నాను. సీటు నడుముకి ఆనాలన్నాను. మనవైపు అలాంటి బండ్లు అరుదు. పైగా పాతవాటిలో వెతకాలి. ఊళ్ళోవాళ్ళు "అంబులెన్సు కొంటున్నారంటగా" అని నవ్వేవాళ్ళు, పద్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

పదకొండు ఆదివారాలు తిరిగాం. ఖమ్మం, గుంటూరు, సూర్యాపేట, విజయవాడ. ఒకదాని కింద వెల్డింగు మచ్చలు, ఇంకోదానికి నీలం పొగ. నేను వద్దనేవాణ్ణి. ప్రసాద్ "సరే మాస్టారూ" అని మారుమాట లేకుండా వెనక్కి తిరిగేవాడు. మా ఆవిడ మాత్రం, ఆదివారం పూటన్నా ఇంటి పట్టున ఉండరా అని సణిగేది.

పన్నెండో ఆదివారం కోదాడ వెళ్ళాం. ఆ రోజు పద్మ కూడా వచ్చింది. మేం వెళ్ళిన అద్దె కారులోనే కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. రేకుల షెడ్డు ముందు బూడిదరంగు ఎస్టేట్ కారు ఉంది. "మంచిగుంది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు అమ్మేవాడు. నిజంగానే ఇంజను చప్పుడు బాగుంది. పెడళ్ళు బాగున్నాయి. ప్రసాద్ వెనక తలుపెత్తి కుర్చీ పెట్టి చూశాడు. కొలత తీసి చేయించినట్టు పట్టింది.

లోపల కూర్చుంటే అత్తరు వాసన గుప్పుమంది. పాత కారుకి అంత అత్తరు ఎందుకు? నా దగ్గర ఒక చివరి పరీక్ష ఉంది. సీటు బెల్టుని ఆఖరిదాకా బయటికి లాగుతాను. నీళ్ళలో మునిగిన బండిని ఎన్నిసార్లు కడిగినా, బెల్టులో లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు ఎవరూ కడగరు. లాగాను. చివర్లో అడ్డంగా మట్టి గీత ఉంది. గోటితో గీకితే పొడి రాలింది.

మునిగిన బండికి ఇంజను బాగుచేయొచ్చు. వైర్ల కీళ్ళలో పట్టిన తుప్పు మాత్రం ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి బయటపడుతుంది, ఎప్పుడు ఎక్కడ ఆపేస్తుందో చెప్పలేం. ఇది పిల్లలకి క్లాసులో చెప్పినవాణ్ణి నేను.

"ఏవంటారు మాస్టారూ, తీసుకోవచ్చా?" అన్నాడు ప్రసాద్.

బెల్టు నా చేతిలోనే ఉంది. నెత్తిన మే నెల ఎండ. నోరు పిడచగట్టుకుపోయింది. వద్దంటే పదమూడో ఆదివారం. తర్వాత పద్నాలుగోది.

"పర్లేదు. తీసుకోండి."

"పర్లేదంటే, బాగున్నట్టేనా అన్నయ్యా?" అని కిటికీలోంచి పద్మ అడిగింది.

"పర్లేదమ్మా."

బెల్టు వదిలేశాను. సర్రున లోపలికి పోయింది, గీతతో సహా.

ఎందుకలా చేశాను? అమ్మేవాడు నాకేమీ ఇవ్వలేదు. వాళ్ళమీద నాకు ఏ కోపమూ లేదు, పద్మని సొంత చెల్లెల్లా చూసుకునేవాణ్ణి. అలిసిపోయాను, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని, కనీసం డబ్బుకి ఆశపడి ఉంటే ఆ ఆశని తిట్టుకునైనా బతికేవాణ్ణని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది. వచ్చి పడుకున్నాను కూడా. నిద్ర బాగా పట్టింది.

దసరా దాటాక బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఒకసారి చిల్లకల్లు టోల్ గేటు దగ్గర, ఇంకోసారి కీసర దగ్గర. నందిగామలో మెకానిక్ చూసి, ఇది మునిగిన బండి అన్నాడట. పద్మ నన్ను పిలిపించింది.

"ఆ మెకానిక్ అలా అంటున్నాడన్నయ్యా. నేన్నమ్మలా. మా అన్నయ్య చూశాడు, మునిగిందైతే ఆయనకి తెలీదా అని గట్టిగా చెప్పా."

నాకు దేవుడిచ్చిన రెండో అవకాశం అది. అప్పుడైనా నోరు విప్పితే ఆ బండిని వదిలించుకునేవాళ్ళు. "వాడికేం తెలుసమ్మా" అన్నాను. ఈసారి ఎండ లేదు, ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. అలసట మీదికి నెట్టడానికి కుదరదు. మాస్టారు చూశాడంటే చాలనే ఆ పేరు పోతుందని భయపడ్డాను. మొదటిదాన్ని ఎవరైనా క్షమిస్తారేమో తెలియదు కానీ, దీన్ని నేనే క్షమించుకోలేకపోతున్నాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. కంచికచర్ల ఇవతల, చెట్టు నీడ కూడా లేని చోట బండి ఒక్కసారిగా ఆగిపోయింది. కరెంటు మొత్తం పోయింది. వెనక తలుపుది కరెంటు లాకు, తెరుచుకోలేదు. కుర్చీ అందులో ఉండిపోయింది. దాన్ని సీటు మీదుగా లాగబోతే రాలేదు. ఏ మెకానిక్కూ ఫోనెత్తలేదు. ప్రసాద్ ఆటో పట్టుకుని నందిగామ వెళ్ళాడు. పద్మ గంటన్నర ఆ బండిలోనే కూర్చుంది. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా బండి ఊగేదట. ఏ కుర్చీ కోసం ఆ కారు కొన్నారో, ఆ కుర్చీ ఆమె వీపు వెనక రెండు మూరల దూరంలో ఉంది, అందలేదు.

ఆ తర్వాత ఆమె ఏ కారూ ఎక్కలేదు. సెలవు పెట్టింది, పొడిగించింది, చివరికి ఉద్యోగానికి రాజీనామా చేసింది. బండి ఆగిన వారంలోనే నేను చూడ్డానికి వెళితే ముఖం ఇంకా కమిలే ఉంది. "మీరేం చేస్తారన్నయ్యా, మన రాత. పర్లేదు" అంది. నా మాటనే తెలియకుండా నాకు తిరిగిచ్చింది.

బండి అమ్మేటప్పుడు కొనేవాడు నీళ్ళలో మునిగిందా అని అడిగాడట. ప్రసాద్ లేదనే చెప్పాడు. మా మాస్టారు చూసి తీసుకున్న బండి అని కూడా చెప్పాడు. ప్రసాద్ జన్మలో అబద్ధమాడి ఎరగడు. అతని నోటితో నా అబద్ధం ఇంకో ఊరు వెళ్ళిపోయింది. అక్కడ ఎవరు ఆ బండి ఎక్కారో నాకు తెలియదు.

ఇప్పుడు పద్మ ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది. సాయంత్రం వాళ్ళు ఎక్కాలు వల్లిస్తుంటే మా వరండాలోకి వినిపిస్తాయి. చెప్పేద్దామని ఎన్నోసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. "రండన్నయ్యా, టీ తాగుదురు గాని" అంటుంది. టీ తాగి వచ్చేస్తాను. చెబితే ఆమెకి పోయిన ఉద్యోగం రాదు, ఉన్న అన్నయ్య కూడా పోతాడు అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఇది ఆమె మీద జాలా, నా మీద జాలా?

నాకు మన్నింపు అక్కర్లేదు. మీరు ఇవ్వగలిగింది కూడా కాదు. ఆమెతో అనాల్సిన మాటల్ని ఎనిమిదేళ్ళుగా లోపల కూడా పూర్తిగా అనుకోలేకపోయాను, మధ్యలోనే ఆగిపోయేవి. ఇవాళ కాగితం మీద చివరిదాకా రాస్తున్నాను.

పద్మా, అది మునిగిన బండి. బెల్టు చివర మట్టి చూశాను. చూసే, పర్లేదన్నాను.