దింపు నుంచి దింపుకి

పక్కింటి కోడలు నిన్న పొద్దున్నే ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొడుకుని కొన్నాళ్ళు బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకుంటున్నదట. అందుకోసం ఎక్కడో చూసి ఒక టైంటేబులు తయారు చేసుకుంది. తెల్లవారుజాము నుంచి పడుకునేదాకా గంటకో రంగు, రంగుకో సబ్జెక్టు, పాలు తాగడానికి కూడా మధ్యలో ఒక గడి. "మీరు మనవరాల్ని ఇంట్లోనే ఉంచి పదో తరగతి గట్టెక్కించేరంట కదండీ అమ్మగారూ, ఇలాంటిదేనాండీ మీరూ వేసింది?" అని అడిగింది. ఇంతకంటే గొప్పదే వేశానమ్మా, నెల కూడా నిలవలేదు అన్నాను. ఆవిడ వేళాకోళం అనుకుని నవ్వింది. ఆవిడకు నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు గనుక చెప్పలేకపోయాను. వెళ్ళాక కూర్చుని రాస్తున్నాను.

నేను ఉద్యోగమంతా హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. ఇప్పుడు లేరు గాని మా వారూ టీచరే, మా మామగారూ టీచరే. మిషను బడిలో మొదటి అక్షరం దిద్దుకున్న కుటుంబాలు మావి, అంతకు ముందు తరం వాళ్ళు ఊళ్ళోవాళ్ళ పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. అందువల్ల మా ఇళ్ళలో చర్చి తరువాత బడే. జ్వరం వచ్చినా బడి మానడం ఉండేది కాదు. అలాంటి ఇంట్లో ఒక పిల్ల బడి మానేస్తుందని, మానిపించి నేనే దగ్గర కూర్చోబెట్టుకుంటానని అప్పట్లో ఎవరైనా చెబితే నమ్మి ఉండేదాన్ని కాదు.

మా అమ్మాయి పోయింది. జబ్బు చేసి, ఏడాదిపాటు ఆసుపత్రులు తిరిగి, పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. అల్లుడుగారిది అమలాపురంలో గుమాస్తా ఉద్యోగం, మనవరాలు అక్కడే ఎనిమిది పూర్తిచేసి తొమ్మిదిలోకి వచ్చింది. దాన్ని రోజూ స్కూటరు మీద బడి దగ్గర దింపేది మా అమ్మాయే. తల్లి పోయాక పిల్ల గేటు వరకూ వెళ్ళేది, అక్కడ కాసేపు నిలబడేది, తిరిగి ఇంటికి నడిచి వచ్చేసేది. తిట్టినా అంతే, బతిమాలినా అంతే. మాట్లాడటం కూడా తగ్గించేసింది. అల్లుడుగారు ఎక్కడో పెద్ద ఊళ్ళో హాస్టలున్న స్కూలు సంగతి కనుక్కుని వచ్చారు. పిల్ల ఆ మాట విని అన్నం మానేసింది. అప్పుడు నేను కలగజేసుకుని, మలికిపురం దగ్గర మా ఊరికి తీసుకుపోతాను, ఇంట్లో చదివిస్తాను, ఓపెన్ స్కూల్లో పది కట్టిద్దాం అన్నాను. ఆయన, "మీ మాట కాదనలేనండి అత్తయ్యగారూ. కానీ గాడిలో పడకపోతే మాత్రం మధ్యలోనే తీసుకుపోయి హాస్టల్లో వేసేస్తానండి. ఆయ్, అప్పుడు మీరు అడ్డు రాకూడదండి" అన్నారు. ఒప్పుకున్నాను.

మన తరం టీచర్లకు తెలుసు, పాఠం చెప్పడం కంటే ముందు ప్రణాళిక రాయాలి. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్రణాళిక, పిరియడు ప్రణాళిక. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు మెచ్చుకునే ప్రణాళికలు రాసిన చెయ్యి నాది. కాబట్టి ఒక పిల్ల కోసం ఒక హైస్కూలుకు సరిపడా ప్రణాళిక రాశాను. వరండాలో బల్ల వేయించాను, చూరుకు గంట కట్టించాను. తొమ్మిదిన్నరకు గంట కొట్టి, పిల్లని అరుగు మీద నిలబెట్టి ప్రార్థన, ప్రతిజ్ఞ చెప్పించి, హాజరు పిలిచేదాన్ని. ఉన్నది ఒక్కతే, ఎదురుగానే ఉంది, అయినా పేరు పిలిచేదాన్ని. మా వీధిలోనే ఉండే మా ఆడపడుచు గోడ మీంచి చూసి, "బడి మానిపించి ఇంటికి తెచ్చి మళ్ళీ బడే పెట్టేవా వదినా? మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా పెడతావేంటి?" అంది.

నాకు కోపం వచ్చింది, మర్నాడు గంట ఇంకాస్త గట్టిగా కొట్టాను. పిల్ల మాత్రం చెప్పినట్టు చేసేది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఒకరోజు తలనొప్పి అని పడుకుంటే ఆ రోజు పాఠాలు మర్నాటికి చేరేవి, మర్నాటివి ఆ తరువాతకి. మూడో వారానికల్లా ప్రణాళిక ఎక్కడో ముందుండేది, మేమెక్కడో వెనక ఉండేవాళ్ళం. పిల్ల పొద్దున్న లేస్తూనే వెనకబడి లేచేది. ఒక సోమవారం హాజరు పిలిస్తే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా వినయంగా, "ప్రెజెంట్ మేడమ్‌గారండి. ఈ స్కూల్లో టీసీ ఎవరు ఇస్తారండి?" అంది.

తల్లి పోయాక అది ఆడిన మొదటి హాస్యం. నేను నవ్వాను, నవ్వుతూనే లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. గంట విప్పేయించాను. కానీ దాని స్థానంలో ఏం పెట్టాలో నాకు తెలియలేదు.

ఆ వారంలోనే మా పెరటి తోటలో దింపు పడింది. కోనసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగిలినవాళ్ళ కోసం రాస్తున్నాను. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి మనుషులు వచ్చి చెట్లెక్కి తయారైన కొబ్బరి గెలలు కోసి కిందికి దింపుతారు. ఆ రోజు పెరట్లో ఎవరూ తిరగకూడదు, చదువు అసలే సాగదు. నేనూ పిల్లా వంటింటి గడప దగ్గర కూర్చుని చూస్తున్నాం. ఒక్కో చెట్టు మీద పూత ఉంటుంది, పిందెలుంటాయి, బొండాలుంటాయి, ముదిరిన గెల ఉంటుంది. ముదిరిన గెల ఒక్కటే కోసి, మిగతావి అలాగే ఉంచి దిగిపోతారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పిల్ల ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "అమ్మమ్మా, నాకూ ఇలాగే పెట్టు. రోజుకి ఇంత అని వద్దు. దింపు నుంచి దింపుకి ఇంత అని పెట్టు. అప్పటికి అయిందే అడుగు. అవ్వనిదాన్ని తిట్టకు, పై దింపుకి చూద్దాం" అంది.

ఇదేదో ఉపమానం కోసం రాస్తున్నానని అనుకోవద్దు. మాకు అది పంచాంగం, అంతే. మా పెరట్లో కొబ్బరి కాక వేరే పంట ఉంటే ఆ గడువుకి ఆ పంట పేరే పెట్టేవాళ్ళమేమో. కానీ రెండు నెలల గడువు చాలా మంచి గడువని వాడాక తెలిసింది. ఒకటి రెండు రోజులు పోయినా అందులో ఇమిడిపోతాయి, మరీ ఏడాదంత దూరంగానూ ఉండదు.

లక్ష్యం ఎలా పెట్టుకోవాలో మాత్రం ఇద్దరమూ తడబడి నేర్చుకున్నాం. మొదటిసారి అది ఆశకొద్దీ పుస్తకాలన్నీ రాసేసుకుంది. దింపు వచ్చేసరికి ఒకటీ అరా తప్ప ఏవీ కాలేదు. రెండోసారి తగ్గించాం, అయినా 'నాలుగో పాఠం పూర్తి' అని రాసుకుంటే, పూర్తయిందంటే ఏమిటో ఇద్దరికీ తెలియలేదు. చదివేసింది, పూర్తి అంది. నేను అడిగితే ఏమీ రాలేదు. అప్పుడు మాట మార్చాం. ఏం చదవాలి అని కాకుండా, ఆ రోజుకి ఎవరి సాయమూ లేకుండా ఏం చేయగలగాలి అని పెట్టుకోవడం మొదలుపెట్టాం. పుస్తకం చూడకుండా గోదావరి పాయలు గీసి పేర్లు పెట్టగలగాలి. ఇంగ్లీషు పేపర్లో ఒక వార్త చదివి తెలుగులో చెప్పగలగాలి. ఆ పాయల కోసమే ఇద్దరం బస్సెక్కి ఓడలరేవు వెళ్ళి, వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోట ఇసుకలో నిలబడి వచ్చాం. ఆ తరువాత పటం గీయడానికి దానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

ఒకసారి అది చదువుతో సంబంధం లేనిది ఒకటి పెట్టుకుంది. అమ్మ గురించి ఎవరైనా అడిగితే లేచి వెళ్ళిపోకుండా జవాబు చెప్పగలగాలి. మిగతావాటి కిందే రాసుకోమన్నాను. ఆ దింపుకి కాలేదు, పై దింపుకీ కాలేదు. ఒకరోజు రాజోలు బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ, మీ అమ్మ ఏం చేస్తుందమ్మా అని అడిగితే, "మా అమ్మ లేదండి, పోయిందండి. నర్సండి" అని చెప్పి, చేతిలో జామకాయ సగం కొరికి ఆవిడకి మిగతా సగం ఇవ్వబోయి నాలుక కరుచుకుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అన్నీ ఒకదాని వెంట ఒకటి అవుతున్నాయి, లెక్కలు ఒక్కటి తప్ప. లెక్కలు నాకే రావు, ఇక దానికేం చెబుతాను. ఆ సమయంలోనే అల్లుడుగారు చెప్పకుండా వచ్చారు. వచ్చింది సరిగ్గా దింపు రోజు. పిల్ల నెత్తికి తువ్వాలు చుట్టుకుని కాయలు పోగు వేయిస్తోంది. గంట లేదు, టైంటేబులు లేదు. ఏ పాఠం జరుగుతోంది అని ఆయన అడిగితే పిల్ల తెల్లబోయింది, మాకు పాఠాల లెక్క లేదు మరి. ఆయన ఒక వర్గ సమీకరణం ఇచ్చి చెయ్యమన్నారు. చేయలేకపోయింది. "హాస్టల్లో సీటు మాట్లాడేనండి అత్తయ్యగారూ. ఇంకో రెండు నెల్లు చూస్తానండి. అప్పటికీ ఇలాగే ఉంటే తీసుకుపోతానండి. తల్లి లేని పిల్ల చదువు కూడా లేకుండా పోతే నేనేం సమాధానం చెప్పుకోవాలండి?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. అందుకే నేను వాదించలేకపోయాను.

ఆయన వెళ్ళాక పిల్ల మిగతావన్నీ కొట్టేసి ఒకటే పెట్టుకుంది. అమ్మమ్మకి లెక్కలు చెప్పగలగాలి.

ఆ రెండు నెలలూ నేను జీవితంలో మరచిపోలేను. అది పాఠం చూసుకుని, ఫోనులో వివరణలు విని, అర్థం కాకపోతే మళ్ళీ విని, సాయంత్రం నాకు చెప్పేది. నేను పలక పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. నాకు నటించే అవసరం రాలేదు, నిజంగానే అర్థమయ్యేది కాదు. రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది అని నేను అడిగితే, అది అంతే అంది. అంతే అంటే నేను ఒప్పుకోను, నా విద్యార్థుల దగ్గర నేనెప్పుడూ అంతే అనలేదు అన్నాను. రెండు రోజులు తిప్పలు పడి కారణం తెలుసుకుని వచ్చి చెప్పింది. "ఒక్క ముక్క ఎక్కదేంటి అమ్మమ్మా నీకు! నిన్ను పాస్ చేయించేసరికి నాకు జుట్టు నెరిసిపోద్ది" అనేది. మా ఆడపడుచు రోజూ వచ్చి గోడ దగ్గర నిలబడేది, తరువాత తరువాత స్టూలు తెచ్చుకుని ఇటువైపే కూర్చునేది. "వదినకంటే నాకే ముందు వచ్చేసిందే పిల్లా" అని నన్ను ఉడికించేది. నిజంగానే ఆవిడకే ముందు వచ్చింది.

అల్లుడుగారు అన్నట్టే పై దింపుకి వచ్చారు. పెరట్లో గెలలు పడుతున్నాయి, మేం ముగ్గురం వరండాలో ఉన్నాం, పిల్ల పలక మీద సమీకరణం విడగొట్టి మాకు చెబుతోంది. ఆయన బ్యాగు దించకుండా గుమ్మంలో నిలబడి విన్నారు. మధ్యలో ఉండబట్టలేక, ఆ మెట్టు తప్పు అన్నారు. పిల్ల తిరిగి చూసి, "కాదు నాన్నగారూ. మీరు సూత్రం గుర్తు పెట్టుకున్నారు, నేను ఎందుకో చెబుతున్నాను. కూర్చోండి, మొదట్నించీ చెబుతా" అంది. ఆయన కూర్చున్నారు. అది మొదటి నుంచీ చెప్పింది. ఆయన తప్పు ఎక్కడుందో ఆయనకే చూపించింది. పలక చేతిలోకి తీసుకుని ఆయన ఒకసారి తనే చేసి చూసుకున్నారు. అప్పుడు బ్యాగు కింద పెట్టారు. చివరికి, "సీటు వద్దని చెప్పేస్తానండి అత్తయ్యగారూ" అన్నారు. పిల్ల అరుగు మీంచి పెరట్లోకి ఒక్క దూకు దూకింది. ఇంకా దింపు నడుస్తోందే, కాయలు పడతాయే అని పైనుంచి కేకలు, కింద మా కేకలు.

పది పాసయింది. లెక్కల్లో మంచి మార్కులే, హిందీ మాత్రం అంచుల మీద గట్టెక్కింది. ఫలితం ఫోనులో మేం చూసేలోపే మా ఆడపడుచు వీధంతా చెప్పి వచ్చింది, అందులో తన భాగం కాస్త పెద్దది చేసి. ఆ ఆదివారం చర్చిలో అందరికీ మిఠాయి పంచింది కూడా ఆవిడే.

తరువాత పిల్ల పాలిటెక్నిక్‌లో చేరతానంది. మా ఊరి నుంచి రోజూ వెళ్ళి రావడం కుదరదు. హాస్టల్లో ఉంటానని తనే చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పించలేదు. బస్సెక్కే ముందు, వచ్చే దింపుకి ఏం పెట్టుకున్నావు అని అడిగాను. "హాస్టల్లో ఉండగలగాలి" అంది, అంతే.

దింపు రోజున తనే ఫోను చేసింది. పెరట్లో గోలలో సరిగా వినపడక లోపలి గదిలోకి వెళ్ళాను. "అయ్యింది అమ్మమ్మా. ఉంటున్నాను, బాగానే ఉంటున్నాను" అంది. మరి పై దింపుకి ఏం పెట్టుకున్నావు అని అలవాటు కొద్దీ అడిగాను. నవ్వి, "అది నీకు చెప్పను. అయ్యాక చెప్తా" అంది.

మన రోజుల్లో పిల్లలు పెద్దవాళ్ళకు చెప్పకుండా ఏదైనా తలపెడితే ఇంట్లో పెద్ద గొడవ అయ్యేది. ఏం చదవాలో, ఎక్కడ చదవాలో పెద్దవాళ్ళు చెప్పారు, మనం చదివాం, ఆ తరువాత మన పిల్లలకూ మనం అలాగే చెప్పాం. అందులో చెడేమీ లేదు, మనకు తెలిసిన దారి అదే. అప్పటివరకూ ఆ పిల్ల తలపెట్టిన ప్రతిదీ నేను ఎరుగుదును. ఆ రోజు నుంచి ఎరగను. ఫోను పెట్టేశాక ఆ గదిలోనే మంచం మీద కూర్చున్నాను. నేను అనుకున్నది నెరవేరింది, ఇంతకంటే బాగా నెరవేరడం ఉండదు. ఇప్పుడిక దానికి నేను ఏమీ రాసి ఇవ్వనక్కర్లేదు అని నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. రెండుసార్లూ సంతోషమే కలిగింది. రెండోసారి కాస్త ఆలస్యంగా కలిగింది.